హాల్ హెచ్‌లో అరిచేవాళ్ళు ఎలాగూ టికెట్ కొంటారు

అందరికీ నమస్కారమండి. వెనక వాళ్ళకి వినబడుతోందా? సరే, మొదలెడదాం.

టాపిక్ మీకు తెలుసు, కామిక్ పుస్తకాల ఫ్యాన్స్ కన్వెన్షన్లకి సినిమా స్టూడియోలు వెళ్ళి రాబోయే సినిమాలని ప్రమోట్ చేసుకోవడం. నా మాట ముందే చెప్పేస్తా, ఒప్పుకోకపోతే చివర్లో గొడవ పడదాం. శాన్ డియెగో కామిక్ కాన్‌లో హాల్ హెచ్ అని ఒక పెద్ద హాలుంది, సుమారు 6,500 మంది పడతారు, అందులో ట్రైలర్ వేస్తే పైకప్పు ఎగిరిపోయేలా అరుస్తారు, ఆ అరుపు విని సినిమా హిట్టు అని ఫిక్సయిపోయిన స్టూడియోలు చాలానే మునిగాయి. ఎందుకంటే అక్కడ కూర్చున్నవాళ్ళు ఆ సినిమా ఎలాగూ చూస్తారు కదండీ. రాత్రంతా బయట ఫుట్‌పాత్ మీద పడుకుని లోపలికొచ్చినవాడు రిలీజ్ రోజు థియేటర్‌కి రాడా? వాడికి కొత్తగా అమ్మేదేం లేదు. మరి అమ్మేదేం లేని చోటికి అంత ఖర్చు పెట్టుకుని స్టార్లని వెంటేసుకుని ఎందుకెళ్తున్నారు అన్నదే అసలు ప్రశ్న.

ఇది మొదట సినిమా వాళ్ళ పండగ కాదు. 1970 మార్చిలో శాన్ డియెగోలో యూఎస్ గ్రాంట్ హోటల్లో ఒక్క రోజు మీటింగ్‌గా మొదలైంది, నూట చిల్లర మంది వచ్చారు. అదే ఏడాది ఆగస్టులో మూడు రోజులు పెట్టారు, కామిక్ ఆర్టిస్ట్ జాక్ కిర్బీ, సైన్స్ ఫిక్షన్ రచయిత రే బ్రాడ్‌బరీ లాంటి వాళ్ళు వచ్చారు, జనం ఓ మూడు వందలు. పాత కామిక్స్ కొనుక్కోవడం, అమ్ముకోవడం, ఆర్టిస్టులతో కబుర్లు, అంతే. ఇప్పటికీ దాన్ని నడిపేది లాభాపేక్ష లేని సంస్థే, అది చాలామందికి తెలీదు, స్టూడియోల ఈవెంట్ అనుకుంటారు. స్టూడియోలు అక్కడ అతిథులు మాత్రమే. వచ్చిన అతిథి ఇల్లంతా ఆక్రమించేశాడు, అది వేరే సంగతి. (నవ్వులు)

1976కి వద్దాం, నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఇదే. ఎల్ కోర్టెజ్ హోటల్లో కన్వెన్షన్ జరుగుతోంది. చార్లెస్ లిపిన్‌కాట్ అనే పబ్లిసిటీ మనిషి ఒక సినిమా గురించి చెప్పడానికొచ్చాడు, ఆ సినిమాకి అప్పటికి ఇంకా పని అవ్వలేదు, పక్కన కామిక్ రైటర్ రాయ్ థామస్, ఆర్టిస్ట్ హోవార్డ్ చేకిన్ ఉన్నారు, చేతిలో స్లైడ్లు తప్ప ఏమీ లేవు, ట్రైలర్ లేదు, స్టార్ లేడు. చేకిన్ గీసిన పోస్టర్ ఒకటి డాలరు డెబ్బై అయిదు సెంట్లకి అమ్మారు. అదే స్టార్ వార్స్. స్టూడియోలో చాలామందికే అర్థంకాని సినిమా అది, అంతరిక్షంలో కత్తియుద్ధం ఏంటి, బొచ్చు మనిషి కో-పైలట్ ఏంటి, ఎవరికని చెప్తావు? ఈ ఫ్యాన్స్‌కి చెప్పొచ్చు, వాళ్ళకి ఇలాంటివి కొత్త కాదు. లిపిన్‌కాట్ చేసిన తెలివైన పని ఇంకోటి ఉంది, మార్వెల్ కామిక్స్‌తో మాట్లాడి సినిమా కథని కామిక్‌గా వేయించాడు, దాని మొదటి సంచిక సినిమాకంటే ముందే స్టాండ్లలోకొచ్చింది. 1977 మే 25న సినిమా రిలీజయినప్పుడు మొదటి రోజు థియేటర్లు ఎన్నో తెలుసా, 32. అన్నే. థియేటర్ల వాళ్ళు తీసుకోవడానికి వెనకాడారు. కానీ మొదటి రోజే లైన్లు. ఆ లైన్లన్నీ కన్వెన్షన్ వల్లే వచ్చాయని నేను అనను, అలా చెప్పేవాళ్ళు కాస్త అతి చేస్తున్నట్టే. కాకపోతే ఆ లైన్లో ముందు నిలబడ్డవాళ్ళలో కొందరికి ఈ సినిమా ఏంటో పక్కవాడికి వివరించడం వచ్చు.

ఈ పాయింట్ పట్టుకోండి. పక్కవాడికి వివరించగలగడం. నా దృష్టిలో స్టూడియో కన్వెన్షన్‌లో నిజంగా సంపాదించేది అదొక్కటే. టికెట్లు కాదు, నోళ్ళు. సినిమా కొత్తగా ఉండి, పోస్టర్ చూసి అర్థంకాకుండా ఉంటే, దాన్ని పది మందికి విడమర్చి చెప్పేవాళ్ళు కావాలి, వాళ్ళు అక్కడ దొరుకుతారు. సినిమా ముందే అందరికీ అర్థమయ్యేదైతే అక్కడికి వెళ్ళినా వెళ్ళకపోయినా పెద్ద తేడా రాదు. వివరించినా బయటవాళ్ళకి ఎక్కని సినిమా అయితే అప్పుడు అసలు ప్రమాదం, ఎందుకంటే హాల్లో అరుపులు స్టూడియోనే మోసం చేస్తాయి.

తర్వాత పదిహేనేళ్ళు ఇది చిన్న స్థాయిలోనే సాగింది. బ్లేడ్ రన్నర్ సినిమాకి 16 ఎంఎం రీలు ఒకటి తయారు చేసి కన్వెన్షన్లకి తిప్పారు, ప్రొజెక్టర్ పెట్టి వేసేవారు. బ్యాట్‌మన్ విషయంలో మాత్రం ఉల్టా జరిగింది. 1988లో మైకేల్ కీటన్ బ్యాట్‌మన్ అనగానే ఫ్యాన్స్ మండిపడ్డారు, కామెడీ యాక్టర్‌ని తెచ్చి మా హీరోని జోకర్ చేస్తారా అని వార్నర్ బ్రదర్స్‌కి 50,000 దాకా ఉత్తరాలొచ్చాయని అంటారు. స్టూడియో కంగారుపడి ట్రైలర్ గబగబా తయారు చేయించింది. 1989లో సినిమా వచ్చి ప్రపంచమంతా కలిపి 400 మిలియన్ డాలర్లు దాటింది. అంటే ఫ్యాన్స్ కోపం చూసి ఫ్లాప్ అనుకోవడం కూడా తప్పే, ఆ కోపం ఆ 50,000 మందిది, మిగతా ప్రపంచానికి కీటన్‌తో పేచీ లేదు.

1991లో కన్వెన్షన్ ఇప్పుడున్న పెద్ద కన్వెన్షన్ సెంటర్‌కి మారింది, 2004 నుంచి హాల్ హెచ్ వచ్చింది, అక్కడి నుంచి కథే మారిపోయింది. జనం లక్ష దాటారు, తర్వాత లక్షా ముప్పై వేల దాకా పోయారు. హాల్ హెచ్‌కి ఒక రూల్ ఉంది, చిన్న రూలే గానీ దాని ప్రభావం పెద్దది. ఒక ప్యానెల్‌కీ, అంటే సినిమా వాళ్ళు స్టేజీ మీద కూర్చుని మాట్లాడే కార్యక్రమానికీ, ఇంకో ప్యానెల్‌కీ మధ్య హాలు ఖాళీ చేయించరు. లోపల సీటు దొరికిందా, రాత్రిదాకా కూర్చోవచ్చు. దాంతో సాయంత్రం మార్వెల్ ప్యానెల్ కావాల్సినవాడు పొద్దున్నే వచ్చి కూర్చుంటాడు, మధ్యలో వచ్చే సినిమాలన్నీ చచ్చినట్టు చూస్తాడు. మధ్యలో ప్యానెల్ ఉన్న స్టూడియోకి అది అదృష్టమా దురదృష్టమా చెప్పలేం, హాలు నిండుగా ఉంటుంది, కానీ సగం మంది ఫోన్ చూసుకుంటూ ఉంటారు. బయటేమో లైను. ముందురోజే మొదలవుతుంది, తర్వాత్తర్వాత రిస్ట్‌బ్యాండ్లు కట్టే పద్ధతి పెట్టాల్సొచ్చింది.

2006 చూడండి, ఒకే కన్వెన్షన్, రెండు సినిమాలు. స్నేక్స్ ఆన్ ఎ ప్లేన్ అని శామ్యూల్ ఎల్ జాక్సన్ సినిమా, పేరు చూసే ఇంటర్నెట్ అంతా నవ్వుకుని ప్రేమించేసింది, జోకులు, పాటలు, ఫేక్ పోస్టర్లు, ఆ ఊపు చూసి స్టూడియో మళ్ళీ కొన్ని రోజులు షూటింగ్ చేసి ఫ్యాన్స్ కోరిన బూతు డైలాగ్ కూడా పెట్టింది. కామిక్ కాన్‌లో జాక్సన్ వచ్చాడు, ఇల్లు దద్దరిల్లింది. అదే కన్వెన్షన్‌లో డైరెక్టర్ జాక్ స్నైడర్ 300 అనే సినిమా ఫుటేజ్ తెచ్చాడు, జనం ఊరుకోలేదు, మళ్ళీ వెయ్యి మళ్ళీ వెయ్యి అంటే మూడుసార్లు వేశారు. రెండిటికీ అరుపులే. మొదటిది అమెరికాలో మొత్తం రన్‌లో 34 మిలియన్ల దగ్గర ఆగింది. రెండోది 2007 మార్చిలో వచ్చి మొదటి వీకెండ్‌లోనే 70 మిలియన్లు దాటింది. అరుపుల్లో తేడా ఎవరికైనా వినబడిందా? నాకైతే అనుమానమే. తేడా ఎక్కడుందంటే స్నేక్స్ గురించి వివరించడానికి ఏం లేదు, పేరులోనే అంతా ఉంది, ఆ జోకుకి నవ్వేశాం, పని అయిపోయింది, ఇంక టికెట్ ఎందుకు. 300 అలా కాదు, ఆ బొమ్మ ఎలా ఉందో నోటితో చెప్తే సరిపోదు, చూడాలి అనే పరిస్థితి. చూసొచ్చినవాళ్ళు మిగతావాళ్ళని ఊరించి చంపారు.

నాలుగేళ్ళకి స్కాట్ పిల్‌గ్రిమ్. 2010 కామిక్ కాన్ అంటే ఆ సినిమాదే అన్నట్టు ఉంది. పక్కనున్న పెద్ద హోటల్ బిల్డింగ్ మీద నిలువెత్తు బొమ్మ, హాల్లో ప్యానెల్, అక్కడి నుంచి జనాన్ని తీసుకెళ్ళి సినిమా మొత్తం చూపించారు, చూసినవాళ్ళు పిచ్చెక్కిపోయారు. మూడు వారాల్లో రిలీజ్. మొదటి వీకెండ్ 10.6 మిలియన్లు, అయిదో ప్లేస్. ప్రపంచమంతా కలిపినా 50 మిలియన్లు రాలేదు, బడ్జెట్ అంతకంటే ఎక్కువ. ఆ సినిమా బాగుంటుంది, నాకు ఇష్టం, ఇప్పటికీ దానికి ఫ్యాన్స్ పెరుగుతూనే ఉన్నారు. కానీ ఆ వారం స్టూడియో లెక్క తప్పింది. సొంత చుట్టాల్ని కూర్చోబెట్టి నా పాట ఎలా ఉందని అడిగినట్టయింది.

అదే ఏడాది కౌబాయ్స్ అండ్ ఏలియన్స్ ప్యానెల్‌కి హారిసన్ ఫోర్డ్ మొదటిసారి కామిక్ కాన్‌కి వచ్చాడు, చేతులకి బేడీలు వేసి తీసుకొచ్చారు, బలవంతంగా లాక్కొచ్చినట్టు. జనం లేచి నిలబడ్డారు. మరుసటి ఏడాది సినిమా ప్రీమియర్ కూడా కామిక్ కాన్ టైమ్‌లో శాన్ డియెగోలోనే వేశారు. 163 మిలియన్ల బడ్జెట్, ప్రపంచమంతా కలిపి 175 మిలియన్ల లోపే. థియేటర్ల వాటా పోగా ఏం మిగిలిందో మీరే లెక్కేసుకోండి. లేచి నిలబడింది ఫోర్డ్ కోసం, సినిమా కోసం కాదు. ఈ రెండూ వేరని స్టేజీ మీద నుంచి చూస్తే తెలీదు.

స్కాట్ పిల్‌గ్రిమ్ లాంటి దెబ్బలకి 2011లో వార్నర్, డ్రీమ్‌వర్క్స్, డిస్నీ కింద ఉన్న మార్వెల్ హాల్ హెచ్‌కి రాలేదు. ఆ ఏడాది గుర్తుండిపోయింది సోనీ ప్యానెల్. ప్రశ్నలడిగే మైక్ దగ్గరికి చవకరకం స్పైడర్‌మన్ డ్రెస్ వేసుకున్నవాడొకడు వచ్చి మాట్లాడుతూ మాస్క్ తీశాడు, చూస్తే ఆండ్రూ గార్ఫీల్డ్, కొత్త స్పైడర్‌మన్ వాడే. నేను మీలో ఒకణ్ణే అని చెప్పడానికి దానికంటే సూటి దారి ఉండదు.

అలాగని పనిచేసినవి లేవా అంటే, బోలెడున్నాయి. 2009లో డిస్ట్రిక్ట్ 9 అక్కడ చూపించారు. డైరెక్టర్ కొత్తవాడు, హీరో ఎవరో ఎవరికీ తెలీదు, 30 మిలియన్ల బడ్జెట్, 210 మిలియన్లు వసూలు చేసింది. 2008లో ట్వైలైట్ ప్యానెల్‌కి అమ్మాయిలు వేలల్లో వచ్చారు, కామిక్ కాన్ పాతకాపులు కొందరు ముఖం చిట్లించుకున్నారు, ఇది మా జాతర, వీళ్ళెవరు అని. 37 మిలియన్లతో తీసిన సినిమా మొదటి వీకెండ్ 69 మిలియన్లు. అమ్మాయిలు కూడా ఫ్యాన్సేనని హాలీవుడ్‌కి అప్పుడు తెలిసింది, సిగ్గుచేటు, కానీ నిజం.

ఇంకో రకం ఉంది, దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. ప్రేక్షకుడి కోసం కాకుండా స్టూడియో లోపలివాళ్ళ కోసం చేసే షో. 2008లో డిస్నీ ప్యానెల్లో ఎవరూ ఊహించకుండా ట్రాన్ అనే పాత సినిమా సీక్వెల్‌కి టెస్ట్ ఫుటేజ్ వేశారు. సినిమా ఇంకా తీయలేదు. జనం ఊగిపోయారు. 2010 డిసెంబర్‌లో ట్రాన్ లెగసీ వచ్చింది. ఈ ఆటలో హాల్ హెచ్ జనం స్టూడియో బాస్‌ల ముందు పెట్టే సాక్ష్యం, అన్నమాట, చూడండి సార్, 6,500 మంది ఎలా అరిచారో అని. మార్కెటింగ్ వాళ్ళు ప్రపంచానికి అమ్ముతున్నారని మనం అనుకుంటాం, చాలాసార్లు వాళ్ళు పై ఫ్లోర్‌కి అమ్ముతుంటారు.

హాల్ బయట కూడా పని జరుగుతుంది. 2007లో బ్యాట్‌మన్ సినిమా ద డార్క్ నైట్ వాళ్ళు, అందులో విలన్ జోకర్ గీతలు గీసిన డాలర్ నోట్లు పంచారు, దాన్ని పట్టుకుని వెబ్‌సైట్‌కెళ్తే ఒక చోటు, ఒక టైమ్, అక్కడికెళ్తే ఆకాశంలో విమానం ఫోన్ నంబర్ రాస్తోంది, ఫోన్ చేస్తే ఇంకో క్లూ, వందలమంది ముఖానికి జోకర్ రంగులు పూసుకుని ఊరంతా పరుగులు. సినిమా రావడానికి ఇంకో ఏడాది ఉంది. ఈ పద్ధతి నాకు ప్యానెల్‌కంటే బాగా నచ్చుతుంది, అందులో ఫ్యాన్ కూర్చుని చప్పట్లు కొట్టడు, వాడే ఆడతాడు, ఆడినవాడు ఇంటికెళ్ళి కథ చెప్పకుండా ఉండలేడు.

(సభికుల్లోంచి: లీకులు?)

వస్తున్నా, వస్తున్నా. లీకులది పెద్ద తలనొప్పి. హాల్లో ఫుటేజ్ వేసేటప్పుడు రికార్డ్ చేయొద్దని చెప్తారు, వేల ఫోన్లున్న హాల్లో ఎవడో ఒకడు తీస్తాడు. 2015లో సూసైడ్ స్క్వాడ్ ట్రైలర్ అలాగే బయటికొచ్చింది, వణికే చేతులతో తీసిన వీడియో. వార్నర్ రెండ్రోజులు దాన్ని ఆపడానికి చూసి, చేతకాక, ఇష్టం లేకుండానే అసలు ట్రైలర్ వదిలేసింది, వదులుతూ మాకు బాధగా ఉంది అని స్టేట్‌మెంట్ కూడా ఇచ్చింది. నాకు స్టూడియో బాధ అర్థమవుతుంది, ఫ్యాన్ బాధా అర్థమవుతుంది. లైన్లో పడుకున్నవాడికి వాడొక్కడికే దొరికేది ఏదో ఉండాలి, లేకపోతే ఎందుకు రావాలి? కానీ ప్రపంచంలో మిగతా కోట్లమంది మాకెందుకు చూపించరు అంటారు. ఆ ఏడాదే డెడ్‌పూల్ ట్రైలర్ వేస్తే హాలంతా ఇంకోసారి అని అరిచి రెండోసారి వేయించుకుంది. దాని చరిత్ర ఇంకా తమాషా, ముందటేడు 2014లో ఎప్పుడో తీసి అటకెక్కించిన టెస్ట్ ఫుటేజ్ ఇంటర్నెట్‌లో లీకైంది, జనం వెంటపడ్డారు, స్టూడియో ఒప్పుకుంది. అంటే ఒక లీకు స్టూడియోకి ఏడుపు, ఇంకో లీకు 780 మిలియన్లు దాటిన సినిమా.

మార్వెల్ గురించి చెప్పకుండా ఇది పూర్తికాదు. 2010లో అవెంజర్స్ నటులందర్నీ ఒకే స్టేజీ మీద నిలబెట్టారు, 2013లో నటుడు టామ్ హిడిల్‌స్టన్ తన విలన్ పాత్ర ‘లోకి’ వేషంలోనే చీకట్లోంచి వచ్చి హాల్ మొత్తాన్ని ఆడించాడు, ఆ వీడియో ఎంత తిరిగిందో మీకు తెలుసు. అప్పటినుంచి వాళ్ళు కనిపెట్టిన పద్ధతేంటంటే సినిమా చూపించక్కర్లేదు, క్యాలెండర్ చూపిస్తే చాలు. స్క్రీన్ మీద పేరు, కింద తేదీ, జనం తేదీకి కూడా చప్పట్లు కొడతారు. 2019 జులైలో మార్వెల్ స్టూడియోస్ బాస్ కెవిన్ ఫైగీ వరసగా సినిమాలు ప్రకటించాడు, చివర్లో నటుడు మహర్షలా అలీ వచ్చి బ్లేడ్ అనే సినిమా టోపీ పెట్టుకున్నాడు. హాల్ గోల గోల. తర్వాత ఒక డైరెక్టర్ వెళ్ళిపోయాడు, ఇంకో డైరెక్టర్ వెళ్ళిపోయాడు, 2024 అక్టోబర్‌లో బ్లేడ్‌ని రిలీజ్ డేట్‌ల లిస్టులోంచే తీసేశారు. 2022లో ‘అవెంజర్స్: కాంగ్ డైనాస్టీ’ అనే సినిమా వస్తుందని 2025 మే తేదీతో సహా చెప్పారు. 2024లో అదే హాల్లో ఆ స్థానంలో డూమ్స్‌డే అనే సినిమా అన్నారు, స్టేజీ మీద మాస్క్ తీస్తే రాబర్ట్ డౌనీ జూనియర్. ముందు చెప్పింది ఏమైందని ఆ క్షణంలో అడిగే ఓపిక ఎవరికుంది? ఇది నాకు కాస్త మింగుడుపడదు. ఫుటేజ్ చూపించడం అంటే సరుకు చూపించడం. తేదీ చూపించడం అంటే మాట ఇవ్వడం, ఆ మాట తప్పితే నష్టం స్టూడియో ఖాతాలో పడదు, పక్కవాడికి వివరించి చెప్పిన ఆ ఫ్యాన్ పరువు పోతుంది. రెండుసార్లు పోయాక మూడోసారి వాడు నోరు విప్పడు. నేను ఇందాక నుంచి చెప్తున్న నోళ్ళు అలాగే తగ్గుతాయి.

2023 సంగతి మనవాళ్ళకి బాగా గుర్తు. జులై 14 నుంచి హాలీవుడ్ నటుల సమ్మె, ప్రమోషన్ చేయకూడదు, పెద్ద స్టూడియోలు తప్పుకున్నాయి. సరిగ్గా ఆ వారం, జులై 20న, హాల్ హెచ్‌లో ప్రాజెక్ట్ కె. నాగ్ అశ్విన్, ప్రభాస్, కమల్ హాసన్, రానా స్టేజీ మీద, కె అంటే కల్కి 2898 ఏడీ అని అక్కడ చెప్పారు. ఇండియా నుంచి అలా అక్కడ లాంచ్ అయిన మొదటి సినిమా. చాలామంది అడిగారు, శాన్ డియెగోలో కామిక్స్ చదివేవాడు ఈ సినిమాకి వస్తాడా, అంత దూరం ఎందుకెళ్ళారని. నేననేది ఏంటంటే వాళ్ళు వెళ్ళింది ఆ హాల్లోవాళ్ళ కోసం కాదు. ఆ హాల్లో నిలబడ్డ ఫొటో ఇక్కడ చూసేవాళ్ళ కోసం. ఇది సైన్స్ ఫిక్షన్ అండి, మామూలు మాస్ సినిమా కాదు, మహాభారతం నుంచి ఆరువేల ఏళ్ళ తర్వాత జరిగే కథ అని ఇక్కడ ఎన్ని ఇంటర్వ్యూలిచ్చినా చెప్పలేనిది ఆ ఒక్క స్టేజీ చెప్పేసింది. అంటే అక్కడ కూడా అదే పని, వివరించడం. సినిమా చివరికి 2024 జూన్ 27న వచ్చి 1,000 కోట్లు దాటింది, దాంట్లో కామిక్ కాన్ వాటా ఎంతని ఎవడూ కొలవలేడు, కొలిచానన్నవాడిని నమ్మకండి.

(సభికుల్లోంచి: ఇప్పుడు స్టూడియోలు సొంత ఈవెంట్లు పెట్టుకుంటున్నాయి కదండీ, ఇంక కామిక్ కాన్ పని అయిపోయినట్టేనా?)

అవునండి, డిస్నీకి 2009 నుంచే డీ23 ఉంది, బ్యాట్‌మన్ కామిక్స్ వేసే డీసీ వాళ్ళు 2020లో కోవిడ్ టైమ్‌లో ఫ్యాన్‌డోమ్ అని ఆన్‌లైన్‌లో పెట్టారు, థియేటర్ ఓనర్ల కోసం లాస్ వేగస్‌లో సినిమాకాన్ ఎప్పట్నుంచో నడుస్తోంది. సొంతిల్లైతే ఎవడితోనూ స్టేజీ పంచుకోనక్కర్లేదు, రూల్స్ మనవే, లీకులు కాస్త తక్కువ. కానీ సొంత ఈవెంట్‌కి వచ్చేవాడు ముందే నీ భక్తుడు. కామిక్ కాన్‌లో కనీసం వేరేవాడి కోసం వచ్చి కూర్చున్నవాడు ఉంటాడు, ఇందాక చెప్పాను చూడండి, హాలు ఖాళీ చేయించరని, ఆ ఫోన్ చూసుకునేవాడు. వాడు తలెత్తి చూశాడా లేదా అన్నదే ఆ హాల్లో నిజమైన పరీక్ష. 2025లో మార్వెల్ స్టూడియోస్ హాల్ హెచ్‌కి రాలేదు, ఆ ఏడాది పెద్ద వార్త స్టార్ వార్స్ తీసిన జార్జ్ లూకస్ మొదటిసారి కామిక్ కాన్‌కి రావడం, అదీ సినిమా కోసం కాదు, తను కట్టిస్తున్న మ్యూజియం గురించి మాట్లాడటానికి. హాలు నిండింది. స్టూడియోలు లేకపోయినా కామిక్ కాన్‌కి ఏం కాలేదు, టికెట్లు అమ్ముడుపోయాయి, కామిక్స్ గీసేవాళ్ళకి కాస్త గాలి ఆడింది.

కాబట్టి అయిపోలేదు. అవసరమైన సినిమా ఉన్నప్పుడు వస్తారు, లేనప్పుడు మానేస్తారు, ఇదివరకు ఏటా రాకపోతే పరువు తక్కువ అనుకునేవారు, ఆ భయం పోయింది, మంచిదే. ఈసారి అక్కడ్నుంచి ఏదైనా ప్యానెల్ వీడియో వస్తే అరుపులు మ్యూట్ చేసి చూడండి. స్క్రీన్ మీద సీన్ ఉందా, లేక పేరూ తేదీయేనా. డైరెక్టర్ సినిమా గురించి మాట్లాడుతున్నాడా, లేక మీరే ప్రపంచంలో బెస్ట్ ఫ్యాన్స్ అని వాళ్ళని పొగుడుతూ కూర్చున్నాడా. రెండోదైతే చెప్పడానికి వాళ్ళ దగ్గర ఇంకా ఏం లేదని అర్థం, లేదా ఉన్నది చూపించడానికి భయపడుతున్నారని.

ఇంకెవరికైనా ప్రశ్నలుంటే బయట టీ దగ్గర మాట్లాడుకుందాం, హాలు ఖాళీ చేయమంటున్నారు, ఇక్కడ ఆ రూల్ ఉంది. (నవ్వులు)